ఈ అంచు ఏ మగ్గానిది

మా తమ్ముడి మనవరాలు దసరా సెలవులకు ఆదోని వచ్చి టీవీకి ఏదో డబ్బా తగిలించి ఆట మొదలుపెట్టింది. తెర నిండా కొండలు, ఒక ఏరు, దూరంగా ఊళ్లు, మధ్యలో గుర్రం మీద ఒక మనిషి. వాణ్ని ఎటు తిప్పితే అటు పోతాడు. కోటను కాపాడాల్సినవాడు గంటసేపు ఏటి గట్టున కూర్చుని చేపలు పట్టాడు. నాకు బాగానే ఉంది. పిల్ల మాత్రం మొహం ముడుచుకుని ఫోనులో ఎవరో పెద్దమనిషి రాసిన విమర్శ చదివి వినిపించింది. ఆడేవాళ్లకు మరీ ఎక్కువ స్వేచ్ఛ ఇచ్చారట. కథ నత్తనడక నడుస్తోందట. ఎటు పోవాలో, ఎంతసేపట్లో పోవాలో చెప్పే దిక్కే లేదట.

"ఈయన రాసింది తప్పని రాయాలనుంది జేజీ. ఎట్ల రాయాలో తెలీడం లేదు" అంది.

నేను టీవీ చప్పుడు తగ్గించి పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎందుకంటే దాదాపు ఆ మాటలే, ఆ వరుసలోనే, ఒకప్పుడు ఠావు కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసి హెడ్మాస్టరు చేతికి ఇచ్చినదాన్ని నేనే. డెబ్బయ్యో దశకం సగం దాటిన రోజులవి. ఎమ్మిగనూరు హైస్కూల్లో లెక్కల టీచరుగా కొత్తగా చేరాను. ఆ కాగితం మా క్రాఫ్టు సారు మీద రాసింది.

అప్పట్లో హైస్కూళ్లలో ఏదో ఒక చేతిపని నేర్పేవారు. మాది నేతగాళ్ల ఊరు కాబట్టి నేత నేర్పేవారు. బడి వెనక రేకుల షెడ్డు, అందులో రెండు మగ్గాలు, ఎప్పుడూ గంజివాసన. ఆ షెడ్డుకు రాజు మా క్రాఫ్టు సారు. యాభై దాటిన మనిషి, బక్కపలచన. చేతిలో గొడుగు ఉండేది గానీ దాన్ని విప్పగా ఎవరూ చూడలేదు. వానొచ్చినా ఎండొచ్చినా అది దారి చూపడానికే. జేబులో రుమాలు ఉండేది కాదు, గుడ్డ పీలికలు ఉండేవి. పొద్దున ఎర్రంచు పీలికతో కళ్లజోడు తుడుచుకుంటే మధ్యాహ్నం పచ్చంచు పీలికతో తుడుచుకునేవారు. ఇంకో జేబులో వేయించిన చెనిక్కాయలు. ఎవరైనా పోట్లాడడానికి వస్తే ముందు ఒక గుప్పెడు వాళ్ల చేతిలో పోసేవారు.

"ముందు ఇయ్యి తిను. ఆమింద కొట్లాడుదాం" అనేవారు. నోట్లో చెనిక్కాయలు పెట్టుకుని కోపంగా మాట్లాడడం ఎంత కష్టమో నాకు బాగా తెలుసు.

బడినుంచి ఇంటికి ఆయన రెండు రోజులు ఒకే దారిన పోయిన పాపాన పోలేదు. ఫలానా చోటు ఎంత దూరం సార్ అని అడిగితే దూరం చెప్పరు. దారిలో ఏమేముంటాయో చెబుతారు. కళాయి వేసేవాడి కొలిమి, పాలిచ్చే రెండు ఎనుములు కట్టేసిన అరుగు, దాని పక్కన ఒక కోపిష్టి అవ్వ, ఆమె కోడలు చేసే ఊరగాయ. పదినిమిషాల దారి గురించి పావుగంట చెప్పగలరు. నేను ఆదోనిలో ఉండి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. సాయంత్రం బస్సు తప్పితే ఇంట్లో అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. అందుకని నా చూపు సగం ఆయన మీద, సగం చేతిగడియారం మీద. "ఒక పూట ఇంటికి రామ్మా, మా ఇంట్లోది నిన్ను సూడాలంటాంది" అని ఎన్నిసార్లు పిలిచారో. నేను ప్రతిసారీ బస్సు పేరు చెప్పి తప్పించుకున్నాను.

ఇక ఆయన ఆట. నెలకొక శనివారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, ఎనిమిదో తరగతి పిల్లలను నలుగురైదుగురు చొప్పున జట్లు చేసేవారు. జట్టుకొక గుడ్డ పీలిక ఇచ్చి "ఈ అంచు ఏ మగ్గానిదో కనుక్కోండి" అని ఊరి మీదికి వదిలేవారు. అంతే. మగ్గం దొరికితే ఆ ఇంటివాళ్లు పీలికను తమ గుడ్డతో సరిచూసి ఇంకొకరి పీలిక ఇస్తారు. దాని వెంట పోవచ్చు, పోకపోవచ్చు. ఎటునుంచి ఎటైనా పోవచ్చు. షెడ్డు నీడ బావి దాకా సాగేసరికి తిరిగివచ్చి ఏమేం చూశారో చెప్పాలి. గెలుపు లేదు, ఓటమి లేదు, ఈల లేదు.

హెడ్మాస్టరుకు ఇది మింగుడు పడలేదు. పదో తరగతి ఫలితాలు బాగాలేవు, క్రాఫ్టు పీరియడ్లు రెండూ లెక్కలకు ఇచ్చేద్దామని ఆయన ఆలోచన. ఆ ఆటను ఒకసారి దగ్గరుండి చూసి అభిప్రాయం రాసివ్వమ్మా అని నాతో అన్నారు. ఆ పీరియడ్లు వచ్చేది నాకే. నాకు ఆశ లేదని ఇప్పుడు అబద్ధం చెప్పను.

ఒక జట్టు వెంట పోయాను. నోటుబుక్కులో నిమిషాలు రాసుకున్నాను. బయలుదేరిన పావుగంటకు పిల్లలు కళాయి కొలిమి దగ్గర ఆగారు. రాగిచెంబు తెల్లగా మారుతుంటే నోళ్లు తెరుచుకుని చూశారు. అక్కడే ఇరవై నిమిషాలు. తరువాత ఎవరిదో మేక తప్పిపోతే వెతికిపెట్టారు. ఒక ఇంట్లో సంబంధం ఖాయం చేసుకుంటున్నారు, వీళ్లు పీలిక పట్టుకుని లోపలికి పోయారు. ఆ ఇంటివాళ్లు వీళ్లను, నాతో సహా, కూర్చోబెట్టి బొరుగులు, బెల్లం పెట్టారు. ఆఖరికి ఇచ్చిన పీలిక ఇచ్చినట్టే చేతిలో పెట్టుకుని తిరిగివచ్చాం. క్రాఫ్టు సారు ఆ పిల్లలు చెప్పిందంతా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని విని, ఆ రోజుకు వాళ్లే బాగా ఆడారన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"సార్, ఆటకు ఒక ఆఖరు ఉండాల కదా" అన్నాను.

ఆయన చెనిక్కాయలు పోశారు. నేను తినలేదు.

"ఆఖరు ఎవురికి గావాల టీచరమ్మా? ఆటకా, నీకా?" అన్నారు నవ్వుతూ.

ఆ రాత్రే ఠావు కాగితం నింపేశాను. స్వేచ్ఛ అతిగా ఉన్నది, నడక మందకొడిగా ఉన్నది, గమ్యం, గడువు లేవు అని మొదటి పేరా. ఎలా సరిచేయవచ్చో రెండో పేరా. హెడ్మాస్టరు మురిసిపోయి, నువ్వే ఒకసారి దారిలో పెట్టి ఆడించమ్మా, అప్పటికీ కుదరకపోతే షెడ్డుకు తాళం వేసేద్దాం అన్నారు.

ఆ కాగితం క్రాఫ్టు సారు షెడ్డులో నిలబడి చదివారు. నేను కొట్లాటకు సిద్ధమై పోయాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "అక్షరాలు శానా బాగుండాయమ్మా" అన్నారు. నా పథకం ప్రకారం పీలికలకు అంకెలు వేశాను. ఊరి పటం గీసి బాణాలు పెట్టాను. ఒక్కొక్క మగ్గానికి ఆరు నిమిషాలు. మధ్యాహ్నమైతే పిల్లలు మగతగా ఉంటారని శనివారం పొద్దున్నే ఎనిమిది గంటలకు పెట్టాను. అన్నిటికీ తలూపిన మనిషి అక్కడ మాత్రం ఆగారు.

"పొద్దున పూట వద్దు తల్లీ" అన్నారు.

ఎందుకని అడిగాను. ఆయన ఎప్పటిలాగే చాలా దూరంనుంచి మొదలుపెట్టారు. పడమటి వీధిలో అవ్వకు కళ్లు సరిగా ఆనవు, ఆమె కొడుకు మంత్రాలయంలో లాడ్జీలో పనికి పోయినాడు, కోడలు పిల్లకు పాలిచ్చేది ఏ పూట, అక్కడినుంచి ఎండ ఏ గోడ మీద ఎప్పుడు పడుతుంది. నా బస్సుకు పది నిమిషాలే ఉంది. "సార్, ఆఖరికి ఏం చెప్పాలనుకున్నారో అది చెప్పండి" అన్నాను. ఆయన నవ్వి గొడుగుతో బస్టాండు వైపు చూపించారు. నేను సంచి తీసుకుని పరుగెత్తాను.

ఆయన ఆఖరికి చెప్పాలనుకున్నదేమిటో ఆ శనివారం నా కళ్లతోనే చూశాను. నేతలో నిలువు దారాలను పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని వీధి పొడవునా సాగదీసి, కర్రల మీద నిలిపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెడతారు. అది పొద్దున చల్లదనంలోనే చేయాలి. ఎండ ముదిరితే దారం పెళుసవుతుంది. మధ్యాహ్నానికి పడుగులన్నీ ఇళ్లలోకి చేరి వీధులు ఖాళీ అవుతాయి. ఎమ్మిగనూరులో పాలుతాగే పిల్లకు కూడా తెలిసిన సంగతి అది. పటం గీసిన నాకు తెలియలేదు. నా పటంలో ఆ వీధి ఒక గీత, ఆ గీత మీద ఒక బాణం.

డ్రిల్లు సారు ఈల ఊదారు. పిల్లలు నేను కోరినట్టే పరుగెత్తారు. కొలిమి దగ్గర ఎవరూ ఆగలేదు, మేకను ఎవరూ చూడలేదు. ఆరు నిమిషాల గడువు నెత్తిన పెట్టుకుని రెండు జట్లు రెండు వైపులనుంచి ఒకేసారి పడమటి వీధిలోకి దూసుకొచ్చాయి. ముందున్న పిల్లలు పడుగు కిందికి దూరారు. వెనకవాళ్లు కర్రకు తగులుకున్నారు. కర్ర పడింది, పక్క కర్ర పడింది. పోగులు పుటపుటమని తెగుతుంటే ఆ చప్పుడు నా దాకా వినిపించింది.

క్రాఫ్టు సారు పరుగెత్తగా నేను చూసింది ఆ ఒక్కసారే. ఆయన నావైపు చూడలేదు, పిల్లలను ఒక్క మాట అనలేదు. గొడుగు పడేసి నేలమీద గొంతుక్కూర్చుని తెగిన కొసలు మట్టి అంటుకోకుండా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నారు. అవ్వ కుంచె చేతబట్టుకుని నిలబడి, ఎవరి ముత్తాతనూ వదలకుండా తిట్టింది. ఆ పడుగు ఆమె, ఆమె కోడలు పన్నెండు రోజులు కూర్చుని చేసింది. తప్పు నాదే అవ్వా అన్నారు సారు. ఆ మాట విని నేను ఆగలేకపోయాను.

"తప్పు సారుది కాదవ్వా. ఈ దారి గీసింది నేను" అన్నాను.

అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఏ ఊరమ్మా నీది?"

"ఆదోని."

"అదా సంగతి" అంది అవ్వ. ఆ రెండు మాటల్లో ఉన్న తిట్టు ముందు చెప్పినవాటన్నిటికంటే పెద్దది.

ఆ రోజు మధ్యాహ్నం దాకా, ఆ తరువాత మూడు వారాలు శనివారం, ఆదివారం పిల్లలు ఆ వీధిలోనే ఉన్నారు. వేళ్లకు బూడిద అద్దుకుని తెగిన రెండు కొసలూ కలిపి నులమాలి. ముడి తెలియకూడదు. సారు ఒక్కొక్కరి పక్కన కూర్చుని నేర్పారు. నేనూ కూర్చున్నాను. నేను అతికినవాటిని అవ్వ వేలితో తడిమి చూసి, మాట్లాడకుండా తెంపి, మళ్లీ నా చేతికిచ్చేది. మూడో వారానికి ఒకటి తెంపకుండా వదిలేసింది. బి.ఎస్సీ. పాసైన రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు.

కానీ బడిలో కథ ముగిసినట్టే అనిపించింది. హెడ్మాస్టరు ఆట బంద్ అన్నారు, నెలాఖరుకు షెడ్డుకు తాళం అన్నారు. ఆ సాయంత్రం క్రాఫ్టు సారు షెడ్డు మెట్టు మీద కూర్చుని పీలికల సంచి ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటీ మడత పెడుతున్నారు. నన్ను చూసి జరిగి చోటిచ్చారు. చెనిక్కాయలు ఇవ్వలేదు. ఆయన జేబు ఖాళీగా ఉండడం నాకు కొత్త. ఏదైనా అంటారని, నన్ను తిడతారని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

"ఈ పిల్లోల్లు పెద్దోల్లయితే ఈ ఊర్లో నుంచే పోతారు గదా, బస్సు కాడికి. తలకాయ వంచుకోని, ఏమీ సూడకుండ పోతారేమో అని నా బయం" అన్నారు చివరికి. ఆయన ఆటకు ఉన్న గమ్యం ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

నాలుగో శనివారం అన్నాల గంట కొట్టగానే అవ్వ బడికి వచ్చింది. వెంట ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. నష్టం గురించి గొడవకు వచ్చిందనుకుని హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచారు. అవ్వ గుమ్మం దాటి నేరుగా లోపలికి వచ్చి నిలబడింది.

"పిల్లోల్లను పంపకుంటివి ఏంటికి సార్?" అంది.

ఆట ఆపేశామని ఆయన చెప్పారు.

"ఆ పిల్లోల్లు మా ఇండ్లల్ల కూసుంటే మాకు పొద్దు పోతాండె. నా కోడలు నవ్వె. పరుగులు పెట్టించినందుకు ఈయమ్మను ఆపు. మా సారును ఏంటికి ఆపుతావు?"

ఈయమ్మ అంటే నేను. అక్కడే నిలబడి ఉన్నాను. అవ్వ వెళ్లాక హెడ్మాస్టరు దగ్గరికి పోయి నా ఠావు కాగితం తిరిగి ఇమ్మని అడిగినా ఆయన ఇవ్వలేదు. కొత్తది రాశాను. ఆటకు గడువు లేదనుకోవడం నా పొరపాటు, ఊరి గడియారం ప్రకారం నడుస్తోంది, ఆ గడియారం నాకు చదవడం రాలేదు అని అందులో ఉంది. హెడ్మాస్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, మొదటిది కూడా నువ్వే రాశావు కదమ్మా, ఏది నమ్మాలి అన్నారు. పోగులు అతకడం రాకముందు రాసింది అది అన్నాను. ఆయనకు అర్థం కాలేదు గానీ, అవ్వ మళ్లీ వస్తుందన్న భయం ఉంది. షెడ్డుకు తాళం పడలేదు.

ఆట ఆయన రిటైరయ్యేదాకా నడిచింది, మధ్యాహ్నాలే, బాణాలు లేకుండా. ఎనభైల మొదట్లో రిటైరయ్యారు. సన్మానసభలో బడి తరఫున ఆయనకు గోడగడియారం ఇచ్చాం. ఆలోచన హెడ్మాస్టరుది. సారు దాన్ని చంకన పెట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వారు. సభ అయ్యాక నా చేతిలో ఒక పీలిక పెట్టారు. తెల్లటి గుడ్డ, సన్నటి వంకాయరంగు అంచు, అంచు పక్కన ఒకే ఒక్క పసుపు పోగు.

"ఈ అంచు ఏ మగ్గానిదో కనుక్కో" అన్నారు. గడువు ఎంత అని అడగబోయి నోరు మూసుకున్నాను.

లెక్కల టీచరును కదా, మొదట వీధులన్నీ జాబితా రాసి ఒక్కొక్కటీ కొట్టేస్తూ వెతికాను. ఎమ్మిగనూరు అయిపోయింది, దొరకలేదు. ఆ తరువాత జాబితా పోయింది, వెతకడం మాత్రం పోలేదు. దేవనకొండలో బంధువుల పెళ్లికి పోతే అక్కడ మగ్గం చప్పుడు వినిపించిన ఇంట్లోకి పోయాను. మంత్రాలయం బస్సులో పోతూ మధ్యలో దిగిపోయాను. నేను, బస్సు దిగిపోవడం! సి.బెళగల్‌లో ఒక ఇంట్లో పీలిక చూపించి అంచు తమది కాదని తెలుసుకుని, మజ్జిగ తాగి, ఆ ఇంటి పిల్లను చూసి, ఆరునెలల తరువాత మా తమ్ముడికి చేసుకున్నాం. ఇప్పుడు ఫోను పట్టుకుని నా మాట వింటున్న ఈ పిల్ల ఆమె మనవరాలే.

ఎమ్మిగనూరు బస్టాండులో అప్పుడప్పుడు సారు భార్య కనిపించేది. నేను సన్మానం రోజునే ఆమెను మొదటిసారి చూశాను. "ఏమ్మా, దొరికెనా?" అని అడిగేది. లేదంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆమెకు పళ్లు బాగాలేవేమో అనుకునేదాన్ని.

ఆరేళ్లయింది. నా వల్ల కాలేదు సార్ అని చెప్పేద్దామని ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇల్లు అడుగుతూ పోయాను. అన్నేళ్లు కలిసి పనిచేసి ఆ గడప తొక్కడం అదే మొదలు. సన్నటి సందు. ఎనుములు కట్టేసిన అరుగు దాటాను. దగ్గరికి పోతుంటే టకటకమని మగ్గం చప్పుడు. ఉద్యోగం వచ్చినప్పుడే ఇంట్లో మగ్గం తీసేశామని ఆయన చాలాసార్లు చెప్పారు, అందుకే వెతికిన రోజుల్లో ఆయన ఇల్లు నా లెక్కలోకే రాలేదు. గుమ్మంలో నిలబడి చూశాను. కొత్త మగ్గం. గుంతలో కాళ్లు పెట్టుకుని సారు నేస్తున్నారు. ఎదురుగా గోడమీద మేమిచ్చిన గడియారం, ఎప్పటినుంచో ఆగిపోయి ఉంది. మగ్గం మీద తెల్లటి గుడ్డ. వంకాయరంగు అంచు. పక్కన ఒకే ఒక్క పసుపు పోగు.

రిటైరయ్యే ముందు నెలలోనే మగ్గం పెట్టుకున్నారట. నా చేతిలో పెట్టింది దాని మీద నేసిన మొదటి గుడ్డ ముక్క. ఇంటికి రామ్మా అని నోటితో పిలిస్తే ఏడేళ్లు రాని దాన్ని ఆయన పీలికతో పిలిచారు. నాకు నవ్వు వచ్చింది, కళ్లనీళ్లూ వచ్చాయి. లోపలినుంచి ఆయన భార్య నన్ను చూసి ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది. పళ్లు బాగానే ఉన్నాయి.

సారు పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపి, కళ్లజోడు సర్దుకుని నావైపు చూశారు. ఆ మొహంలో కొంచెం నిరాశ కూడా కనిపించింది.

"అప్పుడే వచ్చేస్తివా టీచరమ్మా?" అన్నారు. "ఇంగా నాలుగేండ్లయినా తిరుగుతావనుకుంటి."